వెల్లకిల

మనౌస్‌లో, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
నీలం చాప. మూడుచోట్ల చిరిగి
టేపు అతికించిన చాప.
మంగళవారం. వాన.
రేకుల మీద ఎవరో బస్తాలకొద్దీ శెనగలు
కుమ్మరిస్తున్నట్టు చప్పుడు.

రైల్సన్ మళ్ళీ ముడుచుకున్నాడు.
మోకాళ్ళు కడుపులోకి, మోచేతులు తొడల్లోకి,
గడ్డం గుండెలోకి.
పందొమ్మిదేళ్ళ కుర్రాడు
రెప్పపాటులో డిప్ప అయిపోయాడు.

నాకు నలభై మూడు.
తెల్లారుజామునుంచీ రేవులో తంబాకీ చేపలు తూచిన చేతులు,
ఏ సబ్బుకీ లొంగని వాసన.
పాపం, వాడెప్పుడూ ముక్కు మూసుకోలేదు.

మొదటి ఆరు నెలలూ నేను చేసిందల్లా
ఆ డిప్పని పీకడం.
కాలర్ పట్టి లాగాను, నడుం పట్టి ఎత్తాను,
ఓసారి ఉక్రోషంతో నేలని గుద్దాను.
ఒస్మరీనా టీచర్ గోడకానుకుని
నారింజ ఒలుచుకుంటూ అంది:
"డిప్పంటే తాబేలు తొడుక్కున్న చొక్కా కాదే జురేమా,
దాని ఎముక. ఊడదు.
బరువు పెట్టి ఊరుకో.
ఎప్పుడో ఒకప్పుడు
ఊపిరి తీసుకోవాలి కదా అది."

ఎండల నెలల్లో నది వెనక్కి తగ్గి
ఇసుక తేలితే
గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేళ్ళని
మా తాత ఒంటిచేత్తో తిరగేసేవాడు.
ఒకటి, ఇంకొకటి, వరసగా వెల్లకిలా,
కాళ్ళతో గాలికి తెడ్డేస్తూ.
గార్డుల లాంచీ చప్పుడైతే లాంతరు ఆర్పడం నా పని.
ఏడేళ్ళు నాకు.
ఒకదాని కంట్లో నీళ్ళున్నాయి తాతా అంటే
ఇసుక పడి ఉంటుందిలే అన్నాడు.

ఇవాళ తొందరపడలేదు.
వాడి వీపు మీద ఛాతీ ఆనించి
మోకాళ్ళు నేల నుంచి లేపి
ఒళ్ళంతా వదిలేశాను, తడిసిన గోనెసంచిలా.
ఒక చెయ్యి భుజం మీదుగా,
ఒక చెయ్యి చంక కిందుగా,
వాడి గుండెల మీద రెండూ కలిశాయి.
దీన్ని సీటుబెల్టు అంటారు మావాళ్ళు.
నాకు కారు లేదు. ఉన్న బెల్టు ఇదే.

చెవి వాడి వెన్ను మీద.
వాన హోరులోనూ వినిపించింది లోపలి కొట్టుకులాట,
ఆగీ ఆగని పడవ ఇంజను.
ఎదురుగా నిలబడ్డప్పుడు ఎంత నవ్వుతాడు వీడు!
వీపుకి నవ్వడం రాదు.

మోచేతికీ మోకాలికీ మధ్య వేలెడు సందు.
వాడు ఊపిరి పీల్చాడు, బెత్తెడయింది.
నా మడమ దూరింది. కొక్కెం.
ఇక లాగలేదు, పీకలేదు.
పక్కకి ఒరిగాను, అంతే.
నాతోపాటే ఒరిగాడు.
రెండో మడమ తనంతట తానే
తొడ లోపల చోటు వెతుక్కుంది.

వెనకనుంచి వచ్చిందల్లా పోటు కాదు.
వెన్నంటి ఉండటం అని ఒకటుంది.

అప్పుడు కనిపించాయి:
రేకుల కప్పు, ఒకే ఒక్క బల్బు, దాని చుట్టూ ఉసుళ్ళు.
వెల్లకిలా పడింది నేను.
పట్టుకున్న మనిషి కింద, పట్టుబడ్డ మనిషి పైన,
ఇద్దరి కళ్ళూ ఒకే కప్పు మీద,
నాలుగు కాళ్ళూ గాలిలో.

తాతా, నువ్వు తిరగేసి నడిచి వెళ్ళిపోయేవాడివి.
వాటి కింద ఒక్కసారీ పడుకోలేదు.

చెయ్యి గడ్డం కిందికి వెళ్ళాలి. సగమే వెళ్ళింది.
నా మణికట్టు మీద వాడి రెండు చేతులూ, ఉడుంపట్టు.
"ఏరా," అన్నాను చెవిలో, "ఊపిరాడుతోందా?"
"బాగానే. నీ చిక్కంతా అదే కదా అక్కా."

నవ్వొచ్చింది.
నవ్వితే కొక్కెం జారింది.
తిప్పుకుని, కూలబడి, మళ్ళీ
మోకాళ్ళు లోపలికి, తల లోపలికి.

"ఇంకా రెండు నిమిషాలుంది," అంది ఒస్మరీనా
నోట్లో తొనతో.
వాన తగ్గేలా లేదు.
మెల్లిగా
నేల నుంచి మోకాళ్ళు లేపాను.